మూత తీస్తే మజ్జిగ

"సార్, మామూలు ఆయిల్ వేయమంటారా, ఈ20 ఆయిల్ వేయమంటారా?"

సర్వీస్ సెంటర్ కుర్రాడి ప్రశ్న. మెడలో ట్యాగు, చేతిలో ట్యాబు, గొంతులో తేనె. నాకు కళ్లు చెమర్చినంత పనైంది. నవ్వకండి. నా కారు తాగే తాగుడు గురించి ఇన్నేళ్లలో నన్నొక మాట అడిగిన మొదటి మనిషి అతనే. పెట్రోల్లో అయిదు శాతం ఎథనాల్ కలిపారు. అడిగారా? పది చేశారు. అడిగారా? ఇరవై చేశారు, అదే ఈ20. కనీసం చెప్పారా? ట్యాంకులో ఏం పడాలో ఢిల్లీలో తేల్చేశారు. ఇంజిన్ అడుగున సంపులో ఏం పోసుకోవాలో మాత్రం నా ఇష్టానికి వదిలేశారు. ప్రజాస్వామ్యం ఆయిల్ సంపు దాకా దిగొచ్చింది. సంతోషించొద్దూ?

"తేడా ఏంటి బాబూ?"

"ఇది ఎథనాల్‌కి స్పెషల్ సార్."

"మామూలుది వేస్తే?"

"ఏం కాదు సార్."

"ఏం కాకపోతే ఇదెందుకు?"

"సేఫ్టీకి సార్."

"ఎంత ఎక్కువ?"

"650 సార్."

ఏం కాదు, కానీ సేఫ్టీకి. ఈ రెండు ముక్కలూ గుర్తుపెట్టుకోండి. దేశ ఇంధన విధానమంతా ఈ రెండు ముక్కల్లోనే ఇమిడిపోయింది. ఏం కాదనేది సర్కారు వంతు. సేఫ్టీ చూసుకోవడం మన వంతు. బిల్లు కూడా మన వంతే.

నా కారు 2016 మోడల్. డ్యాష్‌బోర్డు అరలో పాత పొల్యూషన్ సర్టిఫికెట్ల కింద, విరిగిన కళ్లజోడు కింద మాన్యువల్ దొరికింది. కారు కొన్నాక దాన్ని తెరవడం అదే మొదటిసారి. పది శాతం ఎథనాల్ దాకా ఫర్వాలేదు, అంతకు మించింది పోయొద్దు అని కంపెనీవాళ్లు అచ్చేసి మరీ ఇచ్చారు. కారు చేసినవాడు వద్దంటాడు. పెట్రోలు అమ్మేవాడు అదే పోస్తాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కప్పకూ పాముకూ నడుమ 650 రూపాయల డబ్బా పట్టుకుని ఈ కుర్రాడు.

కాస్త వెనక్కి వెళ్దాం. పెట్రోల్లో అయిదు శాతం కలపడం 2003 జనవరిలో మొదలైంది. మొదట ఎంచుకున్న తొమ్మిది రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పదేళ్లు గడిచినా దేశం మొత్తం మీద రెండు శాతం దాటలేదు. 2013-14లో లెక్క 1.53 శాతం. సర్కారీ పథకం సర్కారీ పథకంలాగే నడిచింది. ఎవరి ఇంజినుకీ ఏ బాధా లేదు. 2018లో జాతీయ జీవ ఇంధన విధానం వచ్చింది. 2030 నాటికి ఇరవై శాతం అన్నారు. తర్వాత ఆ గడువును 2025-26కి జరిపారు. వెనక్కి కాదండీ, ముందుకు! పోలవరం గడువులు ఎన్నిసార్లు మారాయో లెక్కపెట్టడం కూడా మానేసిన జనం మనం. అలాంటి మన కళ్ల ముందు ఒక గడువు ఇటువైపు జరిగింది. 2022 జూన్‌లో పది శాతం, అదీ అయిదు నెలల ముందే. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రధాని చేతుల మీదుగా 84 బంకుల్లో ఈ20 ప్రారంభం. 2025 వచ్చేసరికి దేశమంతటా ఇరవై. బడికి వేయాల్సిన కప్పు, ఊరికి వేయాల్సిన రోడ్డు ఈ వేగంతో ఎందుకు కావు? వాటికి పెట్రోలు పోసుకునేవాళ్లు ఎదురు డబ్బు కట్టరు కదా, అందుకా?

ఇక అసలు కథ. 2021 జూన్‌లో నీతి ఆయోగ్ ఒక రోడ్‌మ్యాప్ అచ్చేసింది. ప్రతిపక్షం కరపత్రం కాదది. సర్కారు వేసిన కమిటీ, సర్కారు పెట్టిన ముద్ర. అందులో ఏముంది? 2022 ఏప్రిల్‌కల్లా దేశమంతటా ఈ10 దొరకాలి, ఆ తర్వాత కూడా పాత బండ్ల కోసం అది దొరుకుతూనే ఉండాలి అని ఉంది. దాని పక్కన ఈ20ని దశలవారీగా తేవాలని ఉంది. ఎథనాల్‌లో సత్తువ తక్కువ కాబట్టి, కలిపిన పెట్రోలును మామూలు పెట్రోలు కన్నా తక్కువ ధరకు అమ్మాలని కూడా ఉంది. ఎంత చక్కటి కాగితం! మనవాళ్లు అందులోంచి ఇరవై అనే అంకెను మాత్రం కత్తెరతో కత్తిరించుకున్నారు. మిగతాది పకోడీల పొట్లానికి పోయింది.

ఈ10 ఏదీ? మీ ఊళ్లో ఏ బంకులో ఉందో చెప్పండి, పొద్దున్నే బయల్దేరతాను. ధర తగ్గిందా? 2025లో హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల పైనే. అదేమిటి స్వామీ అంటే ఆ ఏడాది ఆగస్టులో పెట్రోలియం శాఖ జవాబిచ్చింది. ఆ రిపోర్టు రాసిన రోజుల్లో ఎథనాల్ చౌకట. ఇప్పుడు సగటున లీటరు 71 రూపాయల 32 పైసలు పడుతోందట. రిఫైనరీలో తయారయ్యే పెట్రోలు కన్నా అదే ఎక్కువట. సరే, నమ్ముదాం. మరి చౌకగా ఉన్న రోజుల్లో ఆ పేరు మీద ధర తగ్గించారా? ఒక్క రూపాయి? ఒక్క అర్ధరూపాయి? ఎథనాల్ చౌకైతే లాభం వాళ్లకి, ఖరీదైతే దేశభక్తి మనకి. లెక్క కుదిరింది.

పాలవాడు చెంబుడు నీళ్లు కలిపితే కల్తీ. బంకువాడు పెట్రోల్లో కిరోసిన్ కలిపితే కేసు. సర్కారు అయిదో వంతు ఆల్కహాల్ కలిపితే పథకం, ప్రారంభోత్సవం, పూలదండ. రాత్రిపూట రోడ్డు మీద నన్ను ఆపి గొట్టం ఊదమంటారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేను నేరస్థుణ్ని. నా కింద ఉన్న 35 లీటర్ల ట్యాంకులో 7 లీటర్లు అదే సరుకు. దానికి పరీక్ష లేదు, ఫైను లేదు. దాన్ని పోయించిన వాళ్లకు అసలే లేదు.

మైలేజీ సంగతికొద్దాం. అదే నీతి ఆయోగ్ కాగితం చెప్పిన లెక్క ఇది. ఎథనాల్ లేని పెట్రోలుకు తయారై, ఈ10కు సర్దిన కార్లలో ఈ20 పోస్తే 6 నుంచి 7 శాతం మైలేజీ పోతుంది. ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం. ఈ10కు తయారై ఈ20కు సర్దిన కార్లకైతే 1 నుంచి 2 శాతం. వంటింటి లెక్క వేసుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే 800 లీటర్లు కావాలి. ఆరు శాతం మైలేజీ పోతే 851 లీటర్లు. 51 లీటర్లు అదనం. 107 చొప్పున వేసుకుంటే ఏడాదికి అయిదున్నర వేలకు దగ్గర. ఇది సర్కారు భాషలో 'స్వల్పం'. అంతే స్వల్పంగా మన పన్ను ఎగ్గొట్టి చూడండి, నోటీసు ఎంత వేగంగా వస్తుందో.

దీనికీ ఒక జవాబుంది వాళ్ల దగ్గర. పెట్రోలు ఆక్టేన్ 84.4, ఎథనాల్‌ది 108.5, కాబట్టి పికప్ బాగుంటుంది అంటారు. అంకెలు నిజమే. కానీ ఆ ఆక్టేన్‌ను వాడుకోవాలంటే ఇంజిన్ అందుకు తగిన కంప్రెషన్‌తో తయారై ఉండాలి, ట్యూనింగ్ అందుకు తగినట్టు ఉండాలి. 2016 మోడల్‌కు ఆ ఆక్టేన్ ఇవ్వడం పళ్లూడిన తాతకు చెరకు గడ చేతిలో పెట్టడమే. తీపి ఉంది. కొరికేదెలా?

ఇక రబ్బరు సామాను. పాత బండ్లలో కొన్ని రబ్బరు ముక్కలు, గాస్కెట్లు 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక మార్చుకోవాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే ఒక ప్రకటన ఇచ్చింది. అదే నెలలో ఇంకో ప్రకటన. బండి జీవితకాలంలో ఒక్కసారి మారిస్తే చాలన్నారు. నెల తిరక్కుండానే నా గాస్కెట్ ఆయుష్షు అంత పెరిగింది! మన ఆయుష్షు కూడా ఈ శాఖకు అప్పగిస్తే పోలా? రెండు ప్రకటనల్లోనూ మారని మాట ఒకటుంది. ఖర్చు తక్కువేనట. తక్కువే అయితే మీరే పెట్టుకోవచ్చుగా?

ఎవరైనా నోరెత్తితే 'బ్రెజిల్‌ను చూడండి' అంటారు. చూద్దాం. తప్పకుండా చూద్దాం. అక్కడ ఏళ్ల తరబడి 27 శాతం కలిపి, 2025 ఆగస్టు నుంచి 30 శాతం చేశారు. నిజం. కానీ అక్కడ ఏ పాళ్లలో పోసినా నడిచే ఫ్లెక్స్ కార్లు 2003 నుంచే రోడ్డెక్కాయి. బంకులో పెట్రోలు గొట్టం ఒకటి, ఎథనాల్ గొట్టం ఒకటి. ఎథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపుంటే అది పోయించుకుంటారు, లేదంటే ఇది. బోర్డు చూసుకుని ఎవరి లెక్క వాళ్లు వేసుకుంటారు. అమెరికాలో డాలస్‌లోనో చికాగోలోనో ఉన్న మీ బావమరిదిని అడగండి. అక్కడ 15 శాతం ఎథనాల్ పెట్రోలు అమ్మే పంపుకు నారింజ రంగు స్టిక్కరు ఉండాలి. 2001, ఆ తర్వాతి మోడళ్లకే వాడాలని దాని మీద రాసుండాలి. బ్రిటన్‌లో మామూలు రకాన్ని పది శాతం చేసినప్పుడు పాత కార్ల కోసం అయిదు శాతంది విడిగా ఉంచారు. మనవాళ్లు బ్రెజిల్ నుంచి శాతం తెచ్చుకున్నారు. బ్రెజిల్‌వాడి చేతిలో ఉన్న ఎంపిక అక్కడే మరిచొచ్చారు. లగేజీ బరువైందేమో!

ఆయిల్ దగ్గరికి రావాలి కదా. 650 నాకు మింగుడుపడలేదు. కారు వెనక్కి తిప్పి విజయవాడ ఆటోనగర్‌కు పోనిచ్చాను. పాత బండి రోజుల నుంచీ నాకు తెలిసిన మెకానిక్ బాబాయ్ ఒకాయన ఉన్నాడు. చెవి ఆనించి ఇంజిన్ జబ్బు చెప్పగల మనిషి. బానెట్ ఎత్తాడు. ఆయిల్ పోసే మూత తిప్పి తీశాడు. మూత అడుగున లేత పసుపు రంగులో మీగడలాంటిది పేరుకుని ఉంది. చూపుడువేలితో గీకి నా ముక్కు దగ్గర పెట్టాడు.

"ఇదేంటో తెలుసా అబ్బాయ్?"

"మజ్జిగలా ఉంది బాబాయ్."

"మజ్జిగే. చిలికింది నువ్వే. రోజూ ఎంత తిప్పుతున్నావ్?"

"పొద్దున పిల్లాణ్ని బడి దగ్గర దింపి రావడం. పోనూ రానూ నాలుగు కిలోమీటర్లు. సాయంత్రం మళ్లీ అంతే."

"కూలెంట్ తగ్గుతోందా?"

"లేదు."

"అయితే గాస్కెట్ గోల కాదులే. ఆయిల్ వేడెక్కట్లా. అదీ నీ జబ్బు."

ఆయన రెండు మాటల్లో తేల్చేసిన దాని వెనక ఉన్న సంగతి ఇది. కరోనా రోజుల్లో అరచేతిలో శానిటైజర్ పోసుకున్నారు కదా? చల్లగా తగిలింది కదా? ఆల్కహాల్ ఆవిరవడానికి చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌లోనూ అదే పని చేస్తుంది. పెట్రోలు కన్నా దానికి చాలా ఎక్కువ వేడి కావాలి. ఆ వేడి అందక పూర్తిగా ఆవిరి కాదు. బండి స్టార్టవడానికి కంప్యూటరు ఇంకాస్త ఎక్కువ ఇంధనం చిమ్ముతుంది. మండకుండా మిగిలింది సిలిండరు గోడల మీదుగా, రింగుల పక్కనుంచి, కింద ఆయిల్లోకి దిగుతుంది. దానికి తోడు మండినదాంట్లోంచి పుట్టే నీటి ఆవిరి. ఎథనాల్ 78 డిగ్రీల దగ్గర, నీళ్లు వంద దగ్గర మరుగుతాయి. ఆయిల్ బాగా కాగేదాకా తోలితే రెండూ ఆవిరై వచ్చిన దారినే పోతాయి. రెండు కిలోమీటర్లు పోయి బండి ఆపేస్తే? ఎక్కడికీ పోవు. ఆయిల్‌తో కలిసి చిలుకుతాయి. చల్లగా ఉండే మూత దగ్గర మీగడ కడుతుంది. మెల్లగా ఆమ్లాలు పుడతాయి. ఆయిల్ పలచబడుతుంది. ఇనుము అరుగుతుంది. ఎథనాల్ లేని పెట్రోలుతో ఈ బాధ ఉండదని కాదు. చలి దేశాల్లో ఎప్పటి నుంచో ఉంది. ఎథనాల్ వచ్చి ఆ బాధకు చెయ్యందిస్తుంది, అంతే.

బెజవాడలో చలేమిటి, ఇంజిన్ చల్లబడటమేమిటి అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. రోహిణి కార్తెలో కూడా ఆగిన ఇంజిన్ నలభై, నలభై అయిదు డిగ్రీలకు మించి ఉండదు. ఆయిల్ పని చేయాల్సింది అందుకు రెట్టింపు వేడిలో. బడి గేటు దగ్గరికి పోయేలోగా అక్కడికి చేరదు.

"డిప్‌స్టిక్ చూస్తుంటావా?" అన్నాడు బాబాయ్.

"చూస్తాగా. బొట్టు కూడా తగ్గలేదు. కొంచెం పెరిగినట్టే ఉంది."

"తగ్గితే టాపప్ చెయ్యొచ్చు. పెరిగితే భయపడాలి. పెట్రోలు కలుస్తోందన్నమాట." నూనె గుడ్డతో వేలు తుడుచుకున్నాడు. "కిలోమీటర్లు లెక్కపెట్టకు. నెలలు లెక్కపెట్టు. వారానికోసారి గుంటూరు రోడ్డెక్కించి గంటసేపు తోలు."

నా మాన్యువల్లోనూ అదే రాసుంది. 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. దగ్గర దగ్గర ప్రయాణాలు, దుమ్ము, ట్రాఫిక్ ఉంటే ఇంకా ముందే మార్చాలట. దగ్గర ప్రయాణాలు, దుమ్ము, ట్రాఫిక్. ఈ మూడూ లేని కారు మన దేశంలో ఎక్కడైనా ఉంటే అది షోరూములోనే ఉండాలి.

మరి ఆ స్పెషల్ డబ్బా? దాన్నీ తిప్పి చూశాను. డబ్బా ముందువైపు ఆకుపచ్చ ఆకు, చెరకు గడ బొమ్మ, పెద్దక్షరాల్లో ఈ20. వెనక గారె ఆకారంలో గుండ్రటి ముద్ర. పైన ఏపీఐ ఎస్‌పీ, నడుమ 5డబ్ల్యూ-30, కింద రిసోర్స్ కన్సర్వింగ్ అని. అసలు మాట ఆ గారెలోనే ఉంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం రిసోర్స్ కన్సర్వింగ్ అన్న మాట ఉన్న ఎస్‌పీ ఆయిల్ ఈ85 దాకా, అంటే 85 శాతం ఎథనాల్ దాకా నడిచే ఇంజిన్లను కాపాడాలి. ఈ షరతు ఎప్పటి నుంచి ఉందంటారు? 2010లో వచ్చిన జీఎఫ్-5 ప్రమాణం నుంచి! ఆ పరీక్ష ముచ్చటైనది. ఆయిల్లో నీళ్లు, ఈ85 తరహా ఇంధనం పోసి మిక్సీలో కొడతారు. 24 గంటలు కదపకుండా ఉంచుతారు. నీళ్లు విడిపోయి అడుగుకు దిగకూడదు. దిగితే తుప్పు. మజ్జిగ విరగకూడదు, అదీ పరీక్ష. వేడెక్కి ఆవిరయ్యేదాకా ఆ నీళ్లను పొట్టలో పట్టుకుని ఉండగలిగిందే మంచి ఆయిల్.

మన దేశంలో రెండు శాతం కూడా కలపలేని రోజుల్లోనే 85 శాతానికి పెట్టిన పరీక్ష అది. ఆ మామూలు ఆయిల్ డబ్బా కూడా తెప్పించి తిప్పాను. దాని వెనకా అదే గారె. అదే ఎస్‌పీ, అదే 5డబ్ల్యూ-30, అదే రిసోర్స్ కన్సర్వింగ్. తేడా ముందున్న చెరకు గడ బొమ్మ. ఆవకాయ జాడీ మీద 'కారం కలిపినది' అని కొత్త చీటీ అంటించి 650 గుంజడాన్ని ఏమంటారు? మార్కెటింగ్ అంటారట. మా ఊళ్లో ఇంకో మాట ఉంది, అచ్చులో రాయలేను.

ఇంకో రకం దోపిడీ కూడా జరుగుతోంది. 'పెట్రోలు పలచన చేస్తోంది సార్, కాస్త దిట్టమైనది పోద్దాం' అని 20డబ్ల్యూ-50 డబ్బా తెరుస్తారు. వద్దు. మీ మాన్యువల్లో 0డబ్ల్యూ-20 అనో 5డబ్ల్యూ-30 అనో ఉంటే ఆ నంబరే. ఈ కాలం ఇంజిన్లలో ఆయిల్ పోయే సందులు సన్నం. పాయసంలా ఉన్నది పొద్దున్నే పైకెక్కేలోపు జరగాల్సిన అరుగుదల జరిగిపోతుంది. యూరప్ కంపెనీల కార్లకు వేరే ప్రమాణం ఉండొచ్చు, అప్పుడు మాన్యువల్ మాటే చెల్లుబాటు. ఇక ట్యాంకులో పోసే చిన్న సీసాలు, 'ఎథనాల్‌ను విరిచే' మంత్రజలాలు. ఎథనాల్‌ను ఏదీ విరవదు. విరిగేది మీ నోటే, వంద రూపాయలది.

ఇంత చెప్పాక అసలు పోటు ఇక్కడుంది. సరైన ఆయిల్ వెతికారు. సరైన నంబరు పోయించారు. నెలలు లెక్కపెట్టి మార్చారు. అయినా సగం బండి అలాగే మిగిలిపోయింది. ట్యాంకు నుంచి ఇంజెక్టరు దాకా వచ్చే గొట్టాలు, సీళ్లు, పెట్రోలు పంపు, వీటికి ఇంజిన్ ఆయిల్ తగలనే తగలదు. ఈ20ని తట్టుకునే సామాను వేసిన కార్లు 2023 ఏప్రిల్ నుంచి, ఈ20కే ట్యూన్ చేసిన ఇంజిన్లు 2025 ఏప్రిల్ నుంచి రావాలన్నది వాళ్ల రోడ్‌మ్యాపే. అంతకు ముందు కొన్నవాళ్ల సంగతి? ఈఎంఐ ఇంకా కడుతున్నవాళ్ల సంగతి? ఏ అప్పు తీర్చి ఏ కొత్త కారు కొనాలి? కొత్త కారు కొన్నవాళ్లకు ఈ గోల చాలావరకు లేదు, ఒప్పుకుంటాను. కానీ రోడ్డు మీద ఉన్నవన్నీ కొత్తవేనా? మా వీధిలో ఆరు కార్లుంటే అయిదు పాతవే. మోటారు సైకిళ్ల మాట ఇక చెప్పక్కర్లేదు.

ఇక్కడో బ్రహ్మాస్త్రం తీస్తారు. 'రైతుల కోసం కదా, రైతుకు నాలుగు రూపాయలు వస్తుంటే ఏడుస్తారేం?' అని. రైతు పేరు చెబితే ఎవరు నోరెత్తుతారు? మొక్కజొన్న ధర పెరిగితే నాకేం కడుపుమంట? 2014-15 నుంచి లక్షా 40 వేల కోట్లకు పైగా విదేశీ మారకం మిగిలిందని కేంద్రం చెబుతోంది. మిగలనివ్వండి, మంచిదే. మిగిలినదాంట్లో ఒక్క రూపాయి కూడా బంకు దగ్గర నా చేతికి రాలేదెందుకని కదా నేను అడుగుతున్నది! పైగా నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో, జోగుళాంబ గద్వాల జిల్లా పెద్దధన్వాడలో ఎథనాల్ ఫ్యాక్టరీ మాకొద్దు మహాప్రభో అని రోడ్డెక్కింది ఎవరు? రైతులే. మా నీళ్లు, మా గాలి అన్నది ఎవరు? రైతులే. లీటరు చెరకు ఎథనాల్‌కు దాదాపు 2,860 లీటర్ల నీళ్లు కావాలని నీతి ఆయోగ్ కాగితమే చెప్పింది. ఆ రైతులు ఉపన్యాసాల్లోకి రారు. ఉపన్యాసంలోకి వచ్చే రైతు ఎప్పుడూ నవ్వుతూ, చెరకు గడ పట్టుకుని, ఫ్లెక్సీలో ఉంటాడు. ఆయిల్ డబ్బా మీద ఉన్న బొమ్మలాగే.

అడిగినవాళ్లకు దక్కిన మర్యాదా చూశాం. ఎథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచండి, బంకు మీద ఏం పోస్తున్నారో రాయండి అని ఒకరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 సెప్టెంబరు 1న ఆ పిటిషన్‌ను కొట్టేశారు. అదే నెలలో రవాణా మంత్రి గడ్కరీ గారు వాహన తయారీదారుల సమావేశంలో మాట్లాడుతూ, సోషల్ మీడియాలో నడిచింది డబ్బిచ్చి చేయించిన ప్రచారమన్నారు. అయ్యా, నాకు డబ్బిచ్చినవాడెవడూ లేడు. 650 అడిగినవాడు మాత్రం ఒకడున్నాడు. ఆ డబ్బిచ్చిన లాబీ ఎక్కడుందో, దాని ఆఫీసు ఏ వీధిలోనో చెబితే వెళ్లి నా గాస్కెట్ బిల్లు అక్కడే ఇస్తాను.

బాబాయ్ ఆ రోజు మామూలు ఎస్‌పీ 5డబ్ల్యూ-30 పోశాడు. ఫిల్టరు మార్చాడు. ఆయిల్ బయటి కొట్లో ఎమ్మార్పీకే దొరికింది. మూత గుడ్డతో శుభ్రంగా తుడిచి బిగించాడు. "మళ్లీ మీగడ కడుతుంది. కట్టినప్పుడల్లా నన్ను తిట్టుకోకు" అన్నాడు. నిన్నెందుకు తిడతాను బాబాయ్!

అక్కణ్నుంచి తిన్నగా బంకుకు వెళ్లాను. కుర్రాడు గొట్టం చేత్తో పట్టుకుని అలవాటుగా "జీరో చూసుకోండి సార్" అన్నాడు. చూశాను. మీటరు మీద సున్నాలన్నీ బుద్ధిగా వరసలో ఉన్నాయి. లీటర్లున్నాయి, రూపాయలున్నాయి, పైసలు కూడా ఉన్నాయి. ఎథనాల్ ఎంతో లేదు. పంపు మీద లేదు, గొట్టం మీద లేదు, రసీదు మీద లేదు. బిస్కెట్ ప్యాకెట్ మీద పంచదార ఎంతో, ఉప్పు ఎంతో రాయకపోతే కేసు పెట్టే దేశంలో నేను మూడు వేలు పెట్టి కొన్న సరుకులో ఏముందో చెప్పే చీటీ లేదు.

కాబట్టి మీకో చిన్న పని. ఈ వారంలో మీ కారు మాన్యువల్ వెతికి తీయండి. పెట్రోలు పేజీ, ఆయిల్ పేజీ రెండూ ఫోన్లో ఫొటో తీసుకోండి. ఆయిల్ పేజీ సర్వీస్ సెంటర్లో చూపించి, ఇందులో రాసిందే పొయ్యి బాబూ, చెరకు గడ బొమ్మ అక్కర్లేదు అని చెప్పండి. పెట్రోలు పేజీలో ఈ10 అని ఉంటే అది బంకులో చూపించండి. కుర్రాడు జీరో చూసుకోమన్నప్పుడు, "చూశాను, ఇరవై ఎక్కడుందో చూపించు నాయనా" అని అడగండి. అతని దగ్గర జవాబుండదు. తప్పు అతనిది కాదు. మేనేజరును పిలవమనండి. ఫిర్యాదు పుస్తకం ఇవ్వమనండి. తేదీ వేసి, సంతకం పెట్టి, రెండు ముక్కలు రాయండి: మాకు ఈ10 కావాలి.